పారేసిన ఎముక మందుగా మారిన వైనం

మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కొలాజెన్ పెప్టైడ్ల డబ్బాలు ఇప్పుడు వరసగా కనిపిస్తున్నాయి. లోపల ఉండేది తెల్లటి పొడి. రుచీ వాసనా పెద్దగా ఉండవు, చన్నీళ్లలో వేసినా ఇట్టే కరిగిపోతుంది. పశువుల ఎముకలు, తోళ్లు, చేప పొలుసుల నుంచి తీసే ఈ మాంసకృత్తిని రోజూ కాస్త తాగితే బోలుబారిన ఎముకలు గట్టిపడతాయని అమ్మకందారులు చెబుతారు. నిన్నమొన్న కనిపెట్టిన వస్తువులా అనిపించే దీని వెనక దాదాపు మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక సంగతి పదే పదే ఎదురవుతుంది. పారేసే ఎముకల నుంచి సరుకు ముందు తయారయ్యేది, దానివల్ల ఒంటికి కలిగే మేలేమిటో తర్వాత వెతికేవారు. కాబట్టి ఈ పొడిని కొట్టిపారేయనక్కర్లేదు గానీ, మేలును రుజువు చేయాల్సిన బాధ్యత మాత్రం అమ్మేవాళ్లదే.

ఈ కథ 1679లో లండన్‌లో మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో పుట్టి వైద్యం చదువుకున్న డెనీ పాపిన్ గట్టి మూత బిగించిన ఇనుప పాత్ర ఒకటి తయారుచేసి రాయల్ సొసైటీ శాస్త్రవేత్తలకు చూపించాడు. ఆవిరి బయటికి పోలేక లోపలే ఒత్తిడి పెంచుతుంది, ఆ వేడికి ఎంత గట్టి ఎముకైనా మెత్తబడుతుంది. పాత్ర పేలిపోకుండా ఆయన అమర్చిన రక్షణ కవాటం మన ప్రెషర్ కుక్కర్లలో ఈనాటికీ ఉంది. 1681లో పాపిన్ ఈ యంత్రం గురించి పుస్తకం కూడా రాశాడు. కసాయి కొట్టు దగ్గర పారేసే ఎముకల నుంచి బీదలకు చవకగా బలమైన ఆహారం తీయవచ్చన్నది ఆయన ఆశ. ఆశ మంచిదే. అయితే ఎముక నుంచి దిగిన ఆ జిగురు నిజంగా బలమిస్తుందా అన్న ప్రశ్నను అప్పట్లో ఎవరూ పరీక్షకు పెట్టలేదు.

ఆ పరీక్ష ఫ్రాన్స్‌లో జరిగింది. విప్లవం తర్వాతి కాలంలో పారిస్‌లో ఆకలి పెద్ద సమస్యగా ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో కాడె ద వో, దార్సే వంటి రసాయన శాస్త్రజ్ఞులు ఎముకల నుంచి దిగే ఆ జిగురుతో, అంటే జెలటిన్‌తో చేసిన చారును ఆసుపత్రులకు, అన్నసత్రాలకు సిఫారసు చేశారు. మాంసానికి బదులు ఇది చాలన్నారు. రోగులకది సయించలేదు, వైద్యులకు సందేహాలు వచ్చాయి. చివరికి ఫ్రెంచి సైన్స్ అకాడమీ ఒక కమిషన్ వేసింది. ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త మజాందీ దాని తరఫున కుక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1841లో నివేదిక ఇచ్చాడు. జెలటిన్ ఒక్కటే తిన్న కుక్కలు చిక్కి శల్యమై చనిపోయాయి. కారణం ఆరు దశాబ్దాల తర్వాత గానీ తేలలేదు. 1901లో ఇంగ్లండ్‌లో హాప్కిన్స్, కోల్ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. మన శరీరం తయారుచేసుకోలేని ఆ పదార్థం జెలటిన్‌లో బొత్తిగా లేదు. పేదల ఆకలి తీర్చాలన్న సదుద్దేశం పోషకాల లోటును పూడ్చలేకపోయింది.

మరి ఈ జెలటిన్ ఎముకలో ఎక్కడుంటుంది? ఎముక బరువులో మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫరస్ ఖనిజం. మిగతాదానిలో అత్యధిక భాగం కొలాజెన్. ఖనిజం గట్టిదనాన్నిస్తే, కొలాజెన్ విరగకుండా సాగే గుణాన్నిస్తుంది. ఫ్యాక్టరీలో పని జరిగే తీరు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఎముక ముక్కల కొవ్వు తీసేసి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. ఖనిజమంతా కరిగిపోయాక ఎముక ఆకారం అలాగే ఉంటుంది గానీ చేత్తో వంచితే రబ్బరులా వంగుతుంది. దీన్ని ఒస్సీన్ అంటారు. ఒస్సీన్‌ను వారాల తరబడి సున్నపు నీళ్లలో ఊరబెట్టి, కడిగి, వేడినీటిలో తీస్తే జెలటిన్ వస్తుంది. కొలాజెన్ అణువు అసలు నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. మూడు పేటలు పెనవేసిన తాడులా అది ఉంటుందని, లోపలి ఇరుకులో పట్టడానికి ప్రతి మూడో స్థానంలో అతి చిన్న అమైనో ఆమ్లమైన గ్లైసీన్ ఉండి తీరాలని వారు చూపారు. జెలటిన్ అంటే పేటలు విడిపోయిన తాడు. ఆ పేటలను ఎంజైములతో ముక్కలు చేస్తే వచ్చేవే పెప్టైడ్లు. కొలాజెన్ అణువు బరువు 3 లక్షల డాల్టన్లయితే వీటిది కొన్ని వేలే. చన్నీళ్లలో కరిగేదీ, జెల్లీలా గడ్డకట్టనిదీ అందుకే.

ఇలా ముక్కలు చేసిన కొలాజెన్ 1970లలో అమెరికాలో బరువు తగ్గించే ద్రవ ప్రోటీన్‌గా విపరీతంగా అమ్ముడుపోయింది. వారాలు, నెలల తరబడి దాన్నే ఆహారంగా తీసుకున్నవారిలో గుండె లయ తప్పి మరణాలు సంభవించాయి. అలాంటి పదుల మరణాలను ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు విచారించాయి. రోజుకు 5 గ్రాముల పొడిని మామూలు భోజనంతో పాటు తీసుకునేవారికి ఆ ప్రమాదం వర్తించదు. అయినా 1841 నాటి పాఠాన్ని మరిచిపోతే ఏమవుతుందో ఆ ఉదంతం చూపింది.

ఇక్కడ శాస్త్రం తెలిసినవారు తరచూ ఒక అభ్యంతరం చెబుతారు. ఏ మాంసకృత్తి తిన్నా కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, ఇక కొలాజెన్‌కు ప్రత్యేకత ఏముంటుందని. ఈ వాదన పూర్తిగా నిలవదు. జెలటిన్ పెప్టైడ్లు తాగినవారి రక్తంలో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాల జంట విడిపోకుండా తిరుగుతున్నట్టు 2005లో జపాన్ పరిశోధకులు చూపారు. అయితే రక్తంలోకి చేరడం వేరు, ఎముకకు బలమివ్వడం వేరు. ఎముక నుంచి తీశారు కాబట్టి ఎముకకే చేరుతుందనుకోవడమూ పొరపాటే. తోలులో ఉండేదీ ప్రధానంగా అదే రకం కొలాజెన్.

అసలు తేల్చాల్సింది మనుషుల మీద పరీక్షల్లోనే. జర్మనీలో ముట్లుడిగి, ఎముక సాంద్రత తగ్గిన 131 మంది మహిళలతో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. ఏడాది పాటు రోజుకు 5 గ్రాముల పెప్టైడ్లు తీసుకున్నవారిలో వెన్నెముక, తుంటి ఎముక మెడ సాంద్రత కొంత పెరిగింది, ఉత్తుత్తి పొడి తీసుకున్నవారిలో పెరగలేదు. 2010లో బ్రెజిల్ పరిశోధకులు రోజుకు 10 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి చూస్తే ఎముక జీవక్రియను తెలిపే రక్తపరీక్షల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జర్మన్ అధ్యయనానికి జెలటిన్ పరిశ్రమ మద్దతు ఉంది. అంతమాత్రాన ఫలితం అబద్ధం కాదు, కానీ అమ్మకంతో సంబంధం లేనివారు దాన్ని పెద్ద ఎత్తున మళ్లీ చేసి చూడటం అవసరం. పైగా ఈ రెండు అధ్యయనాలూ కొలిచింది సాంద్రతను, రక్తంలోని గుర్తులను. రోగికి కావాల్సింది ఎముక విరగకుండా ఉండటం. ఆ లెక్క తేల్చేంత పెద్దవీ, దీర్ఘకాలం సాగినవీ కావివి.

మరో అభ్యంతరం మన ఇళ్ల నుంచే వస్తుంది. కాలు విరిగితే మేకకాళ్ల పులుసు, హైదరాబాద్‌లో పాయా తాగించడం తరతరాల అలవాటు కదా అని. మంచంలో ఉన్న మనిషికి వేడివేడి పులుసు ఆకలి పుట్టిస్తుంది, కాస్త మాంసకృత్తి అందిస్తుంది, తాగడంలో తప్పులేదు. కానీ ఎంతసేపు మరిగించినా ఎముకలోని ఖనిజం నీళ్లలోకి దిగేది చాలా కొద్ది. విరిగిన ఎముక ఎక్కువగా తనంతట తానే అతుక్కుంటుంది, పులుసు తాగినా తాగకపోయినా. కాబట్టి అలవాటును రుజువుగా తీసుకోలేం.

ఎముకల కోసం ఇప్పటికే గట్టి ఆధారమున్న పనులు వేరే ఉన్నాయి. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచి చాలినంత కాల్షియం, లోపముంటే విటమిన్ డి, పప్పు, గుడ్డు, చేప, మాంసంలోని సంపూర్ణ మాంసకృత్తి, ఒంటి బరువు కాళ్ల మీద పడే నడక, వ్యాయామం. ఎముక సాంద్రత బాగా పడిపోయినవారికి విరుగుళ్లను తగ్గిస్తాయని పరీక్షల్లో తేలిన మందులున్నాయి. ఇవన్నీ చేస్తూ, స్తోమత ఉండి, పైగా ఒక పొడి తాగుతానంటే ఎవరూ వద్దనరు. ఆ పొడిని నమ్ముకుని మందు మానేస్తేనే నష్టం. పాపిన్ పాత్ర దగ్గర అడగకుండా వదిలేసిన ప్రశ్నను కొనేవారు ఇప్పుడు డబ్బా ముందు నిలబడి అడగాలి: దీన్ని తాగినవారికి ఎముకలు తక్కువగా విరిగాయా? ఆ జవాబు వచ్చేదాకా దీన్ని ఆశగానే చూడాలి, మందుగా లెక్కవేయకూడదు.