పాలపిండి లెక్క

మా పేటవాళ్ళను టౌనులో చాలాకాలం 'పాలపిండి కిరస్తానీలు' అన్నారు. పిండి కోసం దేవుణ్ణి మార్చుకున్నోళ్ళమని దానర్థం. బళ్ళో పిల్లలకు చరిత్ర చెప్పే నేను ఈ లెక్క తేల్చాలనుకున్నాను.

1876-78 ధాత కరువులో ఒంగోలు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాల మాదిగలు అక్కడ గడ్డపార పట్టి, మట్టితట్టలు మోసి కూలి తెచ్చుకున్నారు. తిండి కోసం కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువుపని సాగినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. వాళ్ళు అప్పటికే కూలి తిన్నోళ్ళు. అంతకుముందే, 1866లో, తాళ్ళకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తనంతట తానే వెతుక్కుంటూ పోయి కలిశాడు. మావోళ్ళు వెతికింది మర్యాదని.

పాలపిండి వచ్చింది ఆ తర్వాతెప్పుడో. 1954లో అమెరికా పి.ఎల్.480 చట్టం చేసుకుంది. అక్కడ మిగిలిపోయిన పంట చర్చి సంస్థల ద్వారా మన పేటలకూ చేరింది. మా అమ్మ చిన్నతనంలో మిషన్ కాంపౌండు గోడవార గిన్నె పట్టుకుని నిలబడేది. గోధుమనూక, పాలపొడి. చేతులు కలిపిన బొమ్మ ఉన్న సంచిగుడ్డతో అమ్మమ్మ ఆమెకు లంగా కుట్టింది. చీటీ రాసేది సంఘపెద్ద. ఆదివారం మున్సిపాలిటీ డ్యూటీ పడి గుడికి రాని పాకీపనోళ్ళకు చీటీ ఆలస్యమయ్యేది. కాలవ దగ్గర కూలి అడిగి తీసుకున్నోళ్ళ మనవలు ఇక్కడ దయ కోసం నిలబడ్డారు.

ఆ కాంపౌండు హాస్టలే లేకపోతే మా ఇంట్లో డిగ్రీ లేదు. ఆ మేలు కాదనను. కానీ అక్కడ నాకో నంబరు, ఫోటో ఉండేవి. ఏటా క్రిస్మస్‌కు ఎన్నడూ చూడని విదేశీ దాతకు కృతజ్ఞతగా ఉత్తరం రాయాలి. మా నాయన జీతం ఎందుకు చాలట్లేదో అందులో రాయనిచ్చేవాళ్ళు కాదు.

హక్కు దగ్గర కథ ఇంకోలా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. మా చిన్నాన్న కొడుకు ఎస్సీ, నేను బీసీ-సి. మా తాత ఒక్కడే, ఆయన ఊడ్చిన వీధీ ఒక్కటే. చీపురు ఇచ్చేటప్పుడు ఆయన్ను మతం ఎవరూ అడగలేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మిషన్ రిపోర్టుల్లో ఎన్ని బస్తాలు పంచారో ఉంటుంది. ఎన్ని తట్టల మట్టి మోశామో ఉండదు. మీ పేటలో ముసలమ్మలు బతికుండగానే అడిగి రాసుకోండి.