ముఖమెరుగని వారికి సలహా

బస్సులో కూర్చుండి తలనొప్పిగా నున్నదని పైకి అన్నచో చాలును. ప్రక్కవాడు శొంఠి పట్టు వేయుమనును. వెనుక సీటులోని పెద్దమ్మ కండ్లు పరీక్ష చేయించుకొమ్మనును. కండక్టరు సైతము తనకు తోచినది చెప్పును. సలహాలకు మన దేశమున కరవు లేదు. ఎదురెదురుగా నున్నప్పుడు ఇందులో ప్రమాదమంతగా లేదు. చెప్పువాడు మన ముఖము చూచుచున్నాడు, మనము వాని వాలకము చూచుచున్నాము. కాని అడుగువాడు ఎక్కడనో యుండి, చెప్పువాడు వానిని ఎన్నడును చూడక, చీటీపై వచ్చిన నాలుగు మాటలను బట్టి జవాబీయవలసి వచ్చినచో ఆ సలహాను నమ్ముట ఎట్లు? పదునేడవ శతాబ్దమున ఇద్దరు మనుష్యులు ఈ చిక్కును ఎదుర్కొని, ఎవరికి తోచిన ఉపాయము వారు పన్నిరి. మొదటివాడు పారిస్ నగరమున వైద్యుడు. రెండవవాడు లండను నగరమున పుస్తక విక్రేత.

వైద్యుని పేరు థియోఫ్రాస్ట్ రెనోదో. ఫ్రాన్సులోని లూడున్ అను ఊరిలో 1586లో జన్మించెను. మాంపెల్యే విశ్వవిద్యాలయమున చదివి, 1606లో ఇరువది యేండ్లకే వైద్య పట్టము పొందెను. పేదల కష్టములను గూర్చి ఆలోచించుట ఆయన స్వభావము. పని వెదకుకొనుచు పారిస్ చేరిన పల్లెవాడు ఎవరిని అడుగవలయునో తెలియక వీథులలో తిరుగుచుండును. అదే నగరమున పనివాడు దొరకక మరియొకడు తంటాలు పడుచుండును. వీరిరువురిని కలుపుటకు 1630 ప్రాంతమున ఆయన ఒక 'చిరునామాల కార్యాలయము' తెరచెను. పని కావలసినవాడు, ఇల్లు అద్దెకిచ్చువాడు, గుఱ్ఱము అమ్మువాడు, అందరును అక్కడి పుస్తకమున తమ అవసరము వ్రాయించుకొనవచ్చును. రుసుము స్వల్పము, పేదలకు అదియు లేదు. 1631లో ఆయనయే 'గెజెట్' అను వారపత్రిక ఆరంభించెను. ఫ్రాన్సు దేశపు పత్రికల చరిత్ర సాధారణముగా దీనితోనే మొదలగును.

1633 నుండి 1642 వరకు ఆ కార్యాలయముననే సోమవారము సభలు జరిగెను. ఎవరైనను వచ్చి వినవచ్చును, మాటాడవచ్చును. భాష లాటిను కాదు, ఫ్రెంచి. మత విషయములు, రాజ్య వ్యవహారములు నిషిద్ధము. చర్చలు తరువాత అచ్చయ్యెను గాని మాటాడినవారి పేర్లు అచ్చు కాలేదు. పేరు లేనప్పుడు మాటకు బలము మాటలోనే యుండవలెను గదా! ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

అయితే ఆయన చేసిన పనులలో అన్నిటికంటె వింతయైనది వేరొకటి కలదు. 1640 నుండి తన కార్యాలయమున కొందరు వైద్యులను కూర్చుండబెట్టి పేద రోగులకు ఉచితముగా సలహా చెప్పించుచుండెను. రాగలిగినవారు వచ్చిరి. పల్లెలలో మంచము పట్టినవారి గతి యేమి? వారు ఉత్తరము వ్రాయవచ్చును, లేదా వ్రాయించవచ్చును. కాని రోగి వ్రాయు ఉత్తరమెట్లుండును? 'నాకు చాల బాధగా నున్నది, దయయుంచి మందు చెప్పుడు' అని యుండును. బాధ ఎక్కడ, ఎన్నాళ్ల నుండి, మంటయా పోటా, తిన్న తరువాత హెచ్చునా తగ్గునా అను సంగతులు అందులో నుండవు. రోగి వానిని దాచుట లేదు. అవి చెప్పదగినవని వానికి తెలియదు. వైద్యశాస్త్రము తెలిసినవాడే ఆ ప్రశ్నలు వేయగలడు.

కనుక రెనోదో ప్రశ్నలనే అచ్చు వేసి పంపదలచెను. 1642లో ఒక చిన్న పుస్తకము వెలువరించెను. దాని పేరును తెనిగించినచో 'ఎదుట లేనివారి ఉనికి' అని చెప్పవచ్చును. అందులో వ్యాధి లక్షణములు వరుసగా ముద్రింపబడినవి; మానవ శరీరము బొమ్మలు కలవు. రోగి గాని, పక్కనున్నవారు గాని తమకు వర్తించు మాటలపై గుర్తు పెట్టి, నొప్పి యున్న చోటును బొమ్మపై చూపి పంపినచో, పారిసులోని వైద్యులు దానిని చదివి సలహా వ్రాసి పంపుదురు. వైద్యము తెలియనివాడు సైతము వైద్యునికి పనికివచ్చు సమాచారము నీయగల ఉపాయమిది. నేడు ఆసుపత్రిలో మనచేత నింపించు కాగితములకు దీనిని ముత్తాత యనవచ్చును.

చూడకుండ వైద్యమా యని పాఠకులు నవ్వవచ్చును. నేటి వైద్యుడు అట్లు చేసినచో తప్పే. కాని 1642లో వైద్యుని చేతిలోని పనిముట్లు ఎన్ని? లేనెక్ స్టెతస్కోపును కనుగొన్నది 1816లో. జ్వరమును ఉష్ణమాపకముతో కొలుచుట వైద్యులకు అలవాటైనది పందొమ్మిదవ శతాబ్దముననే. నాడి, మూత్రము, చర్మపు రంగు చూచిన తరువాత మిగిలినదంతయు రోగి నోట విన్న మాటయే. దూరము వలన నాటి వైద్యుడు పోగొట్టుకొన్నది మనమనుకొనునంత ఎక్కువ కాదు.

పారిస్ వైద్య విద్యాపీఠమునకు ఇది సహింపరాని పని. మాంపెల్యే పట్టముతో పారిసులో వైద్యము చేయుటకు అధికారము లేదని వారి వాదము. పైగా రెనోదో పక్షము వారు అంజనము, అనగా ఆంటిమొని కలిసిన మందులు వాడుదురు. విద్యాపీఠము 1566లోనే దానిని విషమని త్రోసివేసినది. ఆంటిమొని నిజముగా విషమే. అయితే మితము తప్పి రక్తము తీయించు విద్యాపీఠము వారి చికిత్స అంతకంటె మేలని చెప్పలేము. (మూడు శతాబ్దముల తరువాత కలకత్తాలో ఉపేంద్రనాథ బ్రహ్మచారి కాలా ఆజార్ జ్వరమునకు కనుగొన్న యూరియా స్టిబమైను ఆంటిమొని సమ్మేళనమే.) రెనోదోకు అండగా నున్న మంత్రి రిషెల్యూ 1642 డిసెంబరులోను, రాజు పదమూడవ లూయీ 1643 మేలోను మరణించిరి. 1644 మార్చి 1వ తేదీన పారిసు 'పార్లమెంటు' తీర్పు చెప్పినది. పేరు పార్లమెంటే గాని అది న్యాయస్థానము. రెనోదో పారిసులో వైద్యము చేయరాదు, సలహా సభలు జరుపరాదు. కాని ఆ తీర్పులోనే మరియొక మాట కలదు: పేదలకు ఉచితముగా సలహా చెప్పు ఏర్పాటును విద్యాపీఠము వారే చేయవలెను! ఓడిపోయినవాని పనిని గెలిచినవారు నెత్తికెత్తుకొనవలసి వచ్చినది. రెనోదో 1653లో కన్ను మూసెను. పత్రిక మాత్రము నిలిచినది.

ఇక లండను కథ. ప్రశ్న పంపువాని పేరు బయటపడకుండ నుండవలెనన్నచో దానిని చేరవేయు సాధనము చవుకగా నుండవలెను, పంపినవాని వివరము అడుగకుండ నుండవలెను. 1680లో విలియం డాక్రా లండనులో నెలకొల్పిన పెన్నీ తపాలా అట్టిది. ఒక పెన్నీ యిచ్చినచో నగరమున ఏ మూలకైనను ఉత్తరము చేరును. దినమునకు అనేక పర్యాయములు బట్వాడా. జాన్ డంటన్ అను పుస్తక విక్రేత దీనిని ఆధారము చేసికొని 1691 మార్చిలో ఒక పత్రిక ఆరంభించెను. మొదట 'ఎథీనియన్ గెజెట్' అని పేరు పెట్టి, త్వరలోనే 'ఎథీనియన్ మెర్క్యురీ' అని మార్చెను. ఒక్కటే కాగితము, రెండు ప్రక్కల అచ్చు. పాఠకులు పేరు లేకుండ ప్రశ్నలు వ్రాసి స్మిత్ కాఫీ హోటలు చిరునామాకు పంపవలెను. జవాబు అందరును చూచునట్లు అచ్చగును.

ప్రశ్నలు వరదవలె వచ్చిపడెను. కొంతకాలము పంపవద్దని వారు వేడుకొనవలసి వచ్చినది. వివాహము, అప్పు, మనస్సాక్షి, దయ్యములు, గణితము, ఒకటేమి? స్త్రీలు చదువుకొనవచ్చునా యని అడిగినవారున్నారు; చదువుకొనవచ్చుననియే పత్రిక పలికినది. ఇంటిలో తండ్రిని గాని, గుడిలో గురువును గాని అడుగలేని మాట ముఖమెరుగని వానిని అడుగవచ్చును. ఉపాధ్యాయులకిది తెలిసిన సంగతియే: తరగతిలో చేయి ఎత్తనివాడు పేరు లేని చీటీపై చక్కని ప్రశ్న వ్రాసి యిచ్చును.

ఆరిన నిప్పు ఎక్కడికి పోవునని ఒకరు అడిగిరి. అమాయకముగా నున్నను ఇది చాల లోతైన ప్రశ్న. నిప్పు ఒక పదార్థమైనచో పోవుటకు చోటుండవలెను. పదార్థము కానిచో అదేమి? న్యూటను 'ప్రిన్సిపియా' అచ్చై అప్పటికి నాలుగేండ్లే. రసాయన శాస్త్రమునకు ఇంకను కన్ను తెరువలేదు. మండుట అనగా గాలిలోని ఆక్సిజనుతో కలియుట యని లవోయిజియే నిరూపించుటకు 1770లు రావలెను. కనుక 1691లో ఎంత పండితుడైనను దీనికి సరియైన జవాబు చెప్పలేడు. అయినను ఆ కాగితము మీద ప్రశ్న నిలిచిపోయినది గదా.

ఇంతకును జవాబులు వ్రాసినవారెవరు? మహావిద్వాంసుల సంఘమొకటి తెర వెనుక నున్నదని పత్రిక నమ్మించినది. నిజమునకు అసలు పని చేసినవారు ముగ్గురే: డంటన్, గణితము తెలిసిన రిచర్డ్ సాల్ట్, మతాచార్యుడు శామ్యూల్ వెస్లీ. 1691 ఏప్రిల్ 10న వారు ముగ్గురును ఒడంబడిక వ్రాసికొనిరి. సాల్ట్‌కు తెలిసిన వైద్యమెంత, వెస్లీకి తెలిసిన భౌతికశాస్త్రమెంత? అడుగువాడు పేరు దాచుకొనుట వేరు. వానికి భయమో సిగ్గో యుండును. చెప్పువాడు లేని పాండిత్యమును చూపుట వేరు; అది మోసము. ఇరువది నాలుగేండ్ల యువకుడు జోనాథన్ స్విఫ్ట్ సైతము నమ్మి 1692లో ఆ సంఘమును పొగడుచు పద్యము వ్రాసెను. అచ్చైన ఆయన తొలి కవిత అదియే. అయినను డంటన్ పద్ధతిలో ఒక మేలు కలదు. రహస్యముగా వచ్చిన సలహా తప్పైనచో నష్టపోవువాడు ఒక్కడే, ఎవరికిని తెలియదు. అచ్చైన తప్పును వేలమంది చూతురు, ఎవడో ఒకడు ఎత్తి చూపును. ముప్పది సంచికలను ఒక సంపుటముగా కూర్చి విషయసూచిక జోడించిరి గనుక, అడిగినదే మరల అడుగువానికి పాత పుట చూపవచ్చును. పత్రిక 1697 వరకు నడచి ఆగిపోయెను.

మన భాషలోను ఈ బాట సాగినది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' శీర్షికతో దశాబ్దముల పాటు పాఠకుల లేఖలకు జవాబు వ్రాసిరి; వంట మొదలు కాపురపు చిక్కుల వరకు అందులో నుండెడివి. 2004 జనవరిలో కేంద్ర ప్రభుత్వము కిసాన్ కాల్ సెంటర్లు తెరచినది. రైతు పొలము గట్టు మీద నిలుచుండి ఫోను చేసినచో తెలుగులోనే జవాబు వచ్చును. ఆ కొస నున్న వ్యవసాయ పట్టభద్రునికి పొలము కనబడదు. 'ఆకు ఎండిపోవుచున్నదండి, ఏమి కొట్టమందురు?' అని రైతు అడుగును. ఆకు ఎండుటకు నీటి ఎద్దడి కారణము కావచ్చును, పురుగు కావచ్చును, తెగులు కావచ్చును, పోషకలోపము కావచ్చును. ఒకదాని మందు మరియొకదానికి దండుగ. అందుచేత అవతలి వాడు మందు పేరు చెప్పకముందు తానే అడుగవలెను: ఏ పంట? నాటి ఎన్ని దినములైనది? ఎండుట కొసనుండియా, అంచుల వెంటనా? ముదురాకా, లేతాకా?