తేజాబ్‌కు బలం ఎక్కడిది?

హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర నగల కొట్లలో బంగారాన్ని గీటురాయి మీద గీసి, ఒక చుక్క తేజాబ్ వేస్తారు. ఇత్తడి గీతైతే చెరిగిపోతుంది, మేలిమిదైతే చెక్కుచెదరదు. ఆ చుక్క నైట్రిక్ ఆమ్లం. 1300 ప్రాంతంలో గీబర్ అనే రసవాది పేరుమీద వెలువడిన లాటిన్ గ్రంథంలో దీని తయారీ ఉంది: సురేకారం, పటిక, తుత్తం కలిపి కాచి, ఆవిరిని చల్లార్చి పట్టడమే. అందులో నవాసారం కరిగిస్తే బంగారం కూడా కరుగుతుందని అక్కడే రాశారు.

బంగారంలోని వెండిని విడదీయాలంటే ముందు అందులో ఇంకా వెండి కలపాలి! ఒక పాలు బంగారానికి సుమారు మూడు పాళ్లు. వెండి తక్కువైతే బంగారం దాన్ని కప్పేసి ఆమ్లాన్ని లోపలికి పోనివ్వదు. ఆ మిశ్రమాన్ని నైట్రిక్ ఆమ్లంలో కాస్తే వెండి కరిగిపోయి, బంగారం గోధుమరంగు పొడిగా అడుగున మిగులుతుంది. ఆ ద్రావణంలో రాగి రేకు వేస్తే వెండీ తిరిగొస్తుంది.

కంసాలి దృష్టిలో లోహాన్ని తినేదే బలమైన ఆమ్లం. రసాయనశాస్త్రం లెక్క వేరు. స్వీడన్‌లో రసాయన శాస్త్రవేత్త అరీనియస్ 1884లో డాక్టరేట్ కోసం సమర్పించిన పరిశోధన ఆ లెక్కకు పునాది. దానికి పరీక్షకులు అత్తెసరు మార్కులే వేశారు, 1903లో నోబెల్ మాత్రం వచ్చింది. నీటిలో పడ్డాక ఆమ్లం తన హైడ్రోజన్‌ను ఏ మేరకు వదులుతుందన్నదే ఈ కొలత. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు మొత్తం వదిలేస్తుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, లీటరుకు ఒక మోల్ గాఢతలో, వెయ్యి అణువులకు నాలుగే వదులుతుంది. హైడ్రోజన్ పోయాక మిగిలే ముక్క ఎంత నిలకడగా ఉంటే ఆమ్లానికి అంత బలం. నైట్రిక్ ఆమ్లం నుంచి మిగిలే నైట్రేట్‌లో ఋణావేశాన్ని మూడు ఆక్సిజన్‌లు పంచుకుంటాయి, ఎసిటిక్ నుంచి మిగిలే ఎసిటేట్‌లో రెండే. బంధం గట్టితనమూ లెక్కలోకి వస్తుంది: హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకునే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఈ వరసలో బలహీనమే, గాజును మాత్రం తినేస్తుంది.

ఇదే కొలతలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం నైట్రిక్ కంటే ఓ మెట్టు పైనే ఉంటుంది. అయినా అందులో వెండి కరగదు! వెండి కరగాలంటే దాని ఎలక్ట్రాన్లను ఎవరో లాక్కోవాలి, ఆ పని చేసేది నైట్రేట్. బంగారం విషయంలో మామూలు ఆమ్లాల్లో ఏ ఒక్కటీ చాలదు. ఒక పాలు నైట్రిక్‌కు మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ కలిపిన ద్రవరాజం కావాలి. నైట్రిక్ ఎలక్ట్రాన్లు లాగితే, వెలికొచ్చిన బంగారాన్ని క్లోరైడ్ చుట్టేసి మళ్లీ లోహంగా మారనివ్వదు. ద్రవరాజాన్ని అప్పటికప్పుడు కలుపుకోవాల్సిందే: నిలవుంటే వాయువులు పోయి పస తగ్గుతుంది, మూత బిగిస్తే సీసా పగులుతుంది.