ఉద్దానంలో ఊరి ముఖం ఎటు?

రుషికుల్య ఒడ్డున జౌగడ కొండరాతి మీద అశోకుడు క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో చెక్కించిన శాసనాల్లో ఒకటి దారుల గురించి మాట్లాడుతుంది. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా బాటల పక్కన చెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ అందులో ఉంది. జౌగడ ఇప్పుడు ఒడిశాలోని గంజాం జిల్లాది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి కూడా ఆ గంజాం జిల్లావే. ఈ తీరాన దారి ఎలా ఉండాలన్న ఆలోచనకు రెండు వేల ఏళ్ళు పైబడిన ఆధారం అలా రాతి మీదే దొరుకుతోంది. ఆ రాజు దారిని కొలిచింది నడిచేవాడి ఒంటితో: ఎండకు నీడ, దాహానికి నీళ్ళు. ఆ తర్వాత శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానం వీధుల్నీ బాటల్నీ ఎవరెవరి ఒంటితో, ఎవరి కళ్ళతో కొలిచారో వరసగా చూసుకుంటూ వస్తే, ఊరి రూపం ఆ ఊరు ఎవరి రాకకు ఎదురుచూసిందో చెప్పే సాక్ష్యంగా నిలబడుతుంది.

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు చూసినవారెవరూ ఆ మాటను కాదనరు. అయితే తోటలకంటే ముందు చెప్పుకోవలసింది నేల తీరు. తూర్పున సముద్రం, దాని పక్కన ఇసుక మెరకలు, సోంపేట దగ్గర వాటి వెనక నీళ్ళు నిలిచే బీల, పడమట 1,501 మీటర్ల మహేంద్రగిరి. బీలలో బండి దిగబడుతుంది కనుక ఊళ్ళూ వాటిని కలిపే బాటలూ మెరకనే పట్టుకున్నాయి. జగన్నాథానికి నడిచిపోయే యాత్రికుడికి కుడిచేతి వైపు సముద్రపు హోరు, ఎడమచేతి వైపు కొండ. కాశీయాత్ర ముగించుకుని 1831లో పూరీ మీదుగా ఈ తీరం వెంటే మద్రాసుకు మళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యకు అవే గుర్తులు చేతులు మారి ఉంటాయి. దారి తప్పకుండా ఉండటానికి ఇక్కడ మైలురాయి అక్కర్లేదు.

ఊళ్ళోకి వస్తే వీధి. శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో పాత వీధి రెండు వరసల ఇళ్ళది. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ముఖం సన్నం, లోపలికి పొడుగు. వీధి పొడవునా అరుగులు ఒకదాన్నొకటి అంటుకుని సాగుతాయి, వెనక పెరట్లో నుయ్యీ కొబ్బరిచెట్లూ. వీధి వెడల్పుగా, సూటిగా ఉంటుంది. చూపు వెళ్ళి గుడి దగ్గరో మందిరం దగ్గరో ఆగుతుంది. కొత్త మనిషి వీధి మొదట్లో అడుగుపెట్టాడంటే అన్ని అరుగులకూ ఒకేసారి తెలుస్తుంది.

ఇది రూపకల్పన ఎలా అవుతుంది, గాలివానకు తట్టుకోవడానికి ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకున్నాయి, మెరక నేల తక్కువ, గోడ కలిస్తే ఖర్చు కలిసొస్తుంది, అంతేగా అనవచ్చు. అవసరం ఉన్నమాట నిజమే. అయితే అదే గాలివానకు ఇదే కోస్తాలో వేరే జవాబులు కూడా పుట్టాయి. జాలరులు గాలి జారిపోయే చుట్టిళ్ళు కట్టారు, గోదావరి వైపు నలుచదరపు మండువా లోగిళ్ళు లేచాయి. పైగా తాటాకు, గడ్డి కప్పిన వరస ఇళ్ళకు నిప్పు పెద్ద శత్రువు. ఒక కొసన రవ్వ పడితే రెండో కొసదాకా బూడిదే. అంత ముప్పు తెలిసీ తరతరాలు వరసను వదల్లేదంటే, వాళ్ళకు వీధి అనే ఆ ఉమ్మడి ముంగిలి కావాలనిపించిందనే అర్థం చేసుకోవాలి. కాగితం మీద గీసినదాన్నే రూపకల్పన అనే అలవాటు మనకు ఇంజనీర్ల వల్ల వచ్చింది. అమెరికన్ నగర శాస్త్రవేత్త కెవిన్ లించ్ 1960లో, నగరం మనసులో నిలవాలంటే దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, గుర్తులు స్పష్టంగా ఉండాలన్నాడు. ఆయన చూసింది బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలస్. బీల అంచునూ మహేంద్రగిరి గుర్తునూ చూసి ఉంటే ఆయనకు పని తేలికయ్యేది.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. అరుగుల వరస అందరిదీ కాదు. దళితవాడ ఆ వరసకు ఎడంగా ఉండేది. చూపును గుడిదాకా నడిపించిన వీధి కొందరి కాళ్ళను మొదట్లోనే ఆపేసింది. దీన్ని దాటవేసి పాత వీధిని పొగడటం నాకు సమ్మతం కాదు. ఎవరి రాకకు ఎదురుచూసిందన్నది వీధి చెబుతుందంటే, ఎవరిని రానివ్వలేదన్నదీ అదే చెబుతుందన్నమాట.

1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఈ తీరాన పట్టాలు పరచడంతో ఎదురుచూపు దిక్కు మారింది. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట ఉన్న బారువ రేవు వైపు చూసిన వ్యాపారం పడమటికి, స్టేషన్ల వైపు తిరిగింది. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు నౌపడ దగ్గర పెద్ద లైనును కలిసింది, అదీ ఉప్పుమళ్ళ పక్కనే. పలాస, కాశీబుగ్గల్లో దుకాణం గుడికి కాదు, స్టేషను రోడ్డుకు ముఖం పెట్టింది. తర్వాత జీడిపప్పు వ్యాపారం పెరిగింది కూడా ఆ ఆధారంతోనే. 1940లో అఖిల భారత కిసాన్ సభ సమావేశం పలాసలో జరగడానికి మందస జమీందారీ మీద రైతుల పోరు ఎంత కారణమో, రైలు దిగడానికి వీలున్న ఊరు కావడమూ అంత కారణమని నా అభిప్రాయం. వరస వీధిలో అడుగుపెట్టలేనివాడు కూడా టిక్కెట్టు కొంటే స్టేషను రోడ్డున నడవగలిగాడు. కొత్త దారి చేసిన మేలు అది, చిన్నదేం కాదు.

మూడో దారి స్వర్ణ చతుర్భుజిలో నాలుగు వరసలైన పాత ఐదో నంబరు, నేటి పదహారో నంబరు జాతీయ రహదారి. ఇది ఊళ్ళకు వేగం తెచ్చింది, ఆసుపత్రిని దగ్గర చేసింది. దీన్ని కొలిచింది మాత్రం గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి కంటితో. ఆ వేగంలో అరుగు కనిపించదు, పెద్ద అక్షరాల బోర్డే కనిపిస్తుంది. 1964లో అమెరికాలో యాపిల్‌యార్డ్, లించ్, మైయర్ కలిసి రాసిన ‘ద వ్యూ ఫ్రమ్ ద రోడ్’ ఇలాంటి రహదారిని కూడా డ్రైవరు కళ్ళకు ఒక కథలా మలచవచ్చునంది. మన దగ్గర ఆ పనిని కొంతవరకూ కొబ్బరితోటలే చేసిపెట్టేవి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి వాటిని పడగొట్టినప్పుడు, రైతు పంట పోగొట్టుకున్నాడు, తోటను బట్టి మలుపు పోల్చుకునే బాటసారి గుర్తు పోగొట్టుకున్నాడు. కొత్తగా నాటిన కొబ్బరి ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా రహదారి నడిమి గట్టు మీద గన్నేరు పొదలు గుబురుగా పెరుగుతున్నాయి. బాట పక్కన చెట్టు నాటడం ఇంకా సాగుతూనే ఉంది కానీ, ఈ చెట్టు పని ఎదుటి బండి దీపాల వెలుగు డ్రైవరు కంట్లో పడకుండా చూడటం.