బ్రైటన్ కొట్ల దీపాలు

1894 క్రిస్మస్ రోజులు. షికాగో ఎడిసన్ కంపెనీ అధ్యక్షుడు శామ్యూల్ ఇన్సల్ పుట్టిన దేశమైన ఇంగ్లండుకు వచ్చి, సముద్రం ఒడ్డునున్న బ్రైటన్‌లో దిగాడు. చీకటి పడ్డాక బజారులో నడుస్తుంటే ఒక సంగతి మింగుడుపడలేదు. చిన్న చిన్న కొట్లలో కూడా కరెంటు దీపాలు, అదీ దండిగా! షికాగోలో అంత చిన్న కొట్టుకు కరెంటు అమ్మితే కంపెనీకి గిట్టదు. ఇక్కడెలా గిట్టుతోంది? ఆరా తీస్తే ఆ ఊరి విద్యుత్ కేంద్రం చూసే ఆర్థర్ రైట్ పేరు, అతను తయారుచేసిన గాజు గొట్టం కథ బయటపడ్డాయి.

అంతవరకూ మీటర్లు ‘ఎంత’ అన్నదొక్కటే చెప్పేవి. ఎడిసన్ తొలి మీటరులో ద్రావణంలో ముంచిన జింకు పలకలుండేవి. నెలకోసారి వాటిని తీసి తూచి, మారిన బరువును బట్టి బిల్లు రాసేవారు. కరెంటును తక్కెడతో అమ్మినట్టే. కానీ కంపెనీకి ఖర్చు అక్కడ పుట్టడం లేదు. సాయంత్రం ఊరంతా ఒకేసారి దీపాలు వేస్తుంది. ఆ గంటకోసం పెద్ద యంత్రాలు కొనాలి. పెళ్లి ఒక్కపూటకని కొన్న గంగాళం ఏడాదంతా అటకెక్కినట్టు, మిగతా వేళ అవి ఊరికే ఉంటాయి. జాన్ హాప్కిన్సన్ అనే ఇంజనీరు 1892లో ఈ మాటే చెప్పి, బిల్లులో రెండు పద్దులుండాలన్నాడు: యంత్రాన్ని సిద్ధంగా ఉంచినందుకు ఒకటి, వాడుకున్నదానికి ఒకటి.

మరి ఒక కొట్టు నెలలో అత్యధికంగా ఎంత లాగిందో తెలిసేదెలా? రైట్ చేసింది యు ఆకారంలో వంచి మూసిన గాజు గొట్టం. ఒక కొసన గాలి నిండిన బుడ్డి, దాన్ని చుట్టుకుని కరెంటు పారే లోహపు పట్టీ. వాడకం పెరిగితే పట్టీ వేడెక్కుతుంది, గాలి ఉబ్బుతుంది, గొట్టంలోని ద్రవం అవతలి వైపు పైకి లేస్తుంది. అంచు దాటి పక్కనున్న సన్నగొట్టంలోకి ఒలికిందా, ఇక వెనక్కి రాదు. రీడింగు తీసేవాడు ఎత్తు చూసి రాసుకుని, గొట్టం వంచి ఖాళీ చేసేవాడు. క్షణకాలం కరెంటు ఎగిరితే గాలి వేడెక్కేలోపే తగ్గిపోతుంది కనుక లెక్కకు రాదు. ఈ బద్ధకమే దాని గొప్ప అనిపిస్తుంది నాకు. ఇవాళ మన రైస్ మిల్లులోని హై టెన్షన్ (హెచ్‌టీ) మీటరు కాసేపటి సగటు తీసి గరిష్ఠ వాడకం (ఎండీ) చూపించేటప్పుడు చేసేదీ ఈ పనే.

ఈ పద్ధతిలో నాలుగు దీపాలే పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా వెలిగించే కొట్టుకు యూనిట్ చవక పడింది. ఇన్సల్ దాన్ని షికాగోకు తీసుకుపోయాడు.

కానీ గొట్టం ఎత్తు చెప్పేదే గాని వేళ చెప్పేది కాదు. అర్ధరాత్రి పత్రిక అచ్చువేసే ప్రెస్సుకూ, సాయంత్రం జాతరలా వెలిగే కొట్టుకూ దాని దృష్టిలో తేడా లేదు. వేళ చెప్పడానికి మీటరుకు గడియారం కావాలి, కబురు చేరవేసే తీగ కావాలి. తీగ పని గ్రీసులో పుట్టిన థియోడర్ పరస్కెవాకోస్ చూశాడు. రీడింగును టెలిఫోను లైను మీద దానంతటదే పంపే ఏర్పాటు 1970ల్లో చేసి, 1977లో మెట్రెటెక్ అనే కంపెనీ పెట్టాడు. గడియారాన్ని వ్యాపారమే తెచ్చింది. 1990లో బ్రిటన్‌లో ఒక మెగావాటు పైబడి వాడే సంస్థలు తమకు నచ్చినచోట కరెంటు కొనుక్కోవచ్చన్నారు. టోకు ధర అరగంటకొకటి, కనుక మీటరుకూ రోజుకు 48 లెక్కలు. 1994లో ఆ హద్దు వంద కిలోవాట్లకు దిగింది.

మన దగ్గర 2023లో సవరించిన కేంద్ర నిబంధనలు, పది కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి ధర ఉండాలన్నాయి. సూర్యుడున్న ఎనిమిది గంటలు కనీసం 20 శాతం తక్కువ, రద్దీ వేళ కనీసం 20 శాతం ఎక్కువ. బ్రైటన్ కొట్లకు కలిసొచ్చింది పొద్దుపోయాక వెలిగే దీపం. మన మిల్లుకు కలిసొచ్చేది మిట్టమధ్యాహ్నం తిరిగే మోటారు.