బ్లాకౌట్ అంటే కరెంటు పోవడమా?

మొన్న సాయంత్రం ఫ్యూజు పోయి ఇల్లంతా చిమ్మచీకటైతే మా మనవరాలు "అమ్మమ్మా, బ్లాకౌట్!" అని చప్పట్లు కొట్టింది.

"కరెంటు పోవడం వేరు, బ్లాకౌట్ వేరు తల్లీ" అన్నాను.

"డిక్షనరీలో రెండూ ఒకటేగా!" అంది. నిజమే, ఇప్పుడు ఒకటే. ఒకప్పుడు కాదు.

ఈ మాటకి పుట్టిల్లు నాటకశాల. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు నాటకాలవాళ్లు, రంగం ముగియగానే స్టేజీ దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పేయడాన్ని ఇలా పిలిచేవారు. మరి అది వీధిలోకి ఎలా వచ్చిందంటారా? యుద్ధం తెచ్చింది.

1939 సెప్టెంబరు 1న, అంటే యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే, బ్రిటన్‌లో బ్లాకౌట్ మొదలైంది. శత్రువిమానాలకి ఊళ్ల ఆనవాలు దొరక్కూడదు కదా! వీధిదీపాలు ఆగిపోయాయి. ప్రతి కిటికీకీ నల్లగుడ్డ తెర. పొద్దుగూకగానే దించాలి, తెల్లారాక ఎత్తాలి. ఆ పని ఎక్కువగా ఎవరి మీద పడి ఉంటుందో మీకు నేను చెప్పాలా? సందులోంచి వెలుగు కనిపిస్తే వార్డెన్ కేకేసేవాడు, జరిమానాలూ పడేవి.

తమాషా ఏమిటంటే, బాంబుల కన్నా ముందు చీకటే ప్రాణాలు తీసింది. ఆ సెప్టెంబరులో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు అంతకుముందు సెప్టెంబరుకి దాదాపు రెట్టింపు. అందుకే ఫుట్‌పాత్ అంచులకీ చెట్ల మొదళ్లకీ తెల్లరంగు పూశారు. కొందరు రైతులు ఆవుల ఒంటి మీద కూడా తెల్లచారలు దిద్దారు! 1944 సెప్టెంబరులో గానీ ఆ కట్టడి సడలలేదు.

మన విశాఖపట్నానికీ ఈ భయం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. అప్పటికి మా అమ్మకి పదేళ్లు.

1971లో యుద్ధం వచ్చేసరికి నాకూ పదేళ్లే. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే మునిగిపోయిందని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒక బ్లాకౌట్ రాత్రి మా తమ్ముడికి ఒళ్లు కాలిపోయే జ్వరం. నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. మందు కొలవడానికి అమ్మ లాంతరు వెలిగించి ఖాళీ గంగాళంలో పెట్టింది. అయినా ఎక్కడో సన్నగా వెలుగు పారింది కాబోలు, "వెలుతురమ్మా, వెలుతురు!" అని వీధిలోంచి కేక. అమ్మ ఉఫ్‌మని ఊదేసింది. చెంచా అంచుకి వేలు ఆనించి, తడి తగిలేదాకా మందు వంపి, నన్ను గిన్నె పట్టుకోమని, వాడి నోరు తడుముకుని పోసింది.

"ఒక్క నిమిషం ఉంచితే ఏమయ్యేదే అమ్మా?" అన్నాను.

"మన దీపం వల్ల పక్కింటి పిల్లల మీద బాంబు పడితే?" అంది.

యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. తమ్ముడికి జ్వరం అంతకు ముందే తగ్గింది. మాట మాత్రం మళ్లీ అర్థం మార్చుకుంది. 1965 నవంబరులో అమెరికా ఈశాన్య ప్రాంతంలో కరెంటు పోయి మూడు కోట్లమంది చీకట్లో చిక్కుకున్నా బ్లాకౌటే. 2012 జూలై 31న మన దేశంలో గ్రిడ్లు కుప్పకూలి అరవై కోట్లమందికి పైగా ఇబ్బంది పడ్డా బ్లాకౌటే. అప్పుడు దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండబట్టి మన ఇళ్లలో దీపాలు వెలిగాయి.

ఇదంతా మనవరాలికి చెప్పాను. "అయితే కరెంటు పోతే వచ్చేది ఒక చీకటి, మనం కావాలని తెచ్చుకునేది ఇంకొకటి. అంతేనా?" అంది.

అంతే. డిక్షనరీ కన్నా అదే బాగా చెప్పింది.

ఇంతలో ఫ్యూజు వేశారు, ఇల్లంతా భగ్గుమంది. అదేమనుకుందో ఏమో, లేచి వెళ్లి ఎవరూ లేని గదిలో లైటు ఆర్పేసి వచ్చింది.