మేయో ఆరవ గెలుపు

1938–39లో ఐర్లండు జాతీయ గేలిక్ ఫుట్‌బాల్ లీగును మేయో కౌంటీ జట్టు వరుసగా ఆరవసారి గెలుచుకున్నది. బంతిని చేత పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, జట్టుకు పదిహేనుగురు, జీతం లేదు. 1879లో భూస్వాములకు ఎదురుతిరిగి లాండ్ లీగు పుట్టిన గడ్డ మేయో. ఆ పేద కౌంటీ గెలుపును కేవలం ఆటల వార్తగా నేను చూడలేను.

అయితే ఆ సీజనులోనే మరొకటి జరిగింది. 1884లో పుట్టిన గేలిక్ క్రీడాసంఘం సాకర్, రగ్బీ, క్రికెట్, హాకీలను పరాయి ఆటలని నిషేధించింది. ఆడినా చూసినా సభ్యునికి వెలి. కనిపెట్టడానికి నిఘా కమిటీలు! దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ 1938 నవంబరులో పోలండుతో ఐర్లండు ఆడిన సాకర్ పోటీకి వెళ్లాడు. సంఘం ఆయనను పోషకుని స్థానం నుంచి తొలగించింది. ఐరిష్ భాషను బతికించడానికి 1893లో పుట్టిన గేలిక్ లీగుకు తొలి అధ్యక్షుడాయన.

1920 నవంబరు 21న క్రోక్ పార్కులో ఆట చూడవచ్చిన జనంపై బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి, పద్నాలుగురు చనిపోయారు. అటువంటి పాలన కింద ఆ నిషేధం డాలు వంటిదే, కాదనను. స్వతంత్ర రాజ్యం ఏర్పడిన పదహారేళ్లకు ఆ డాలుతోనే స్వజనాన్ని కొట్టారు. నిషేధం 1971లో గాని పోలేదు. అందాకా మేయో ఆటగాడు సాకర్ చూడాలంటే దొంగచాటుగా చూడవలసిందే.